పొద్దుటి చప్పుడు

సెకండ్ హ్యాండ్ కారు కొనడంలో నేను చూపించిన తెలివి గురించి మా ఇంట్లో ఎవరూ నా ఎదుట మాట్లాడరు. వెనక మాట్లాడుకుంటారని తెలుసు. అంచేత అదేదో నేనే చెప్పుకుంటే ఓ పనైపోతుంది.

బండి డీజిల్‌ది. "డాక్టరు గారి బండి సార్, సింగిల్ ఓనర్. ఇల్లూ హాస్పిటలూ తప్ప తిరిగింది లేదు. పైగా టైమింగ్ చైను, బెల్టులాగా మార్చే బాధే లేదు" అన్నాడు బ్రోకరు. అమ్మకానికొచ్చే పాత కార్లన్నీ డాక్టర్లవే ఎందుకవుతాయో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. టైర్లు తన్ని చూశాను. తలుపులు వేసీ తీసీ చూశాను. పెయింటు మీద వేలు రాసి, "రీపెయింటా?" అని తెలిసినవాడిలా అడిగాను. నేను వెళ్లేసరికే ఇంజన్ ఆన్ చేసి ఉంది. "మీ కోసం ఏసీ వేసి పెట్టాను సార్" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

మా బావమరిది మాత్రం, "తొందరేముంది బావా, రేపు పొద్దున్నే మెకానిక్కుని తీసుకొచ్చి చూపిద్దాం" అన్నాడు. "ఇన్నేళ్ల బట్టి కారు నడుపుతున్నాను, నాకు తెలీదా?" అన్నాను. అప్పటికప్పుడు అడ్వాన్సు ఇచ్చేశాను. మెకానిక్కు ఫీజు మిగిలిందని సంబరపడ్డాను కూడా.

బండి ఇంటికి తెచ్చిన మర్నాడు మా అపార్ట్‌మెంటు సెల్లారులో సెల్ఫ్ కొట్టగానే ఇంజన్‌లోంచి గలగలమని చప్పుడు. ఒకటి రెండు సెకన్లు, అంతే. తర్వాత మామూలే. డీజిల్ బండి కదా, ఆ మాత్రం మోత ఉండదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా వాచ్‌మన్ ఒకప్పుడు టాక్సీ తోలినవాడు. "పొద్దున పూట చైను మోగుతోంది సార్, ఒకసారి చూపించండి" అన్నాడు. దిష్టి పెడుతున్నాడనిపించింది. రాను రాను చప్పుడు ఎక్కువ సేపు వినిపించసాగింది. నేను పాటల సౌండు పెంచాను.

ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేదే టైమింగ్ చైను. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 1,000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకొచ్చేసరికి వాల్వు తప్పుకుని ఉండాలి, లేకపోతే పిస్టన్ తగిలి వాల్వు వంగుతుంది. చైను వదులు కాకుండా అదిమి పట్టేది టెన్షనర్. చాలా ఇంజన్లలో దానికి బలం ఇంజన్ ఆయిలు ప్రెజరే. రాత్రంతా బండి ఆగి ఉంటే అరిగిన టెన్షనర్‌లోంచి ఆయిలు కిందికి జారిపోతుంది. పొద్దున ప్రెజర్ అందేదాకా వదులు చైను, దాన్ని దారిలో ఉంచే గైడ్లకు కొట్టుకుంటుంది. ఇంజన్ అప్పటికే నడుస్తూ ఉంటే ఆ చప్పుడు బయటపడదు. బ్రోకరు ఏసీ ఎందుకు వేసి పెట్టాడో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఒకరోజు మంగళగిరి దాటాక హైవే మీద బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఎప్పటికన్నా తేలిగ్గా గిర్రున తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. అలా తేలిగ్గా తిరిగితే లోపల కంప్రెషన్ పోయిందేమోనని అనుమానించాలి. నేనేమో బ్యాటరీ భేషుగ్గా ఉందని మురిసి, అది నీరసించేదాకా కొడుతూనే ఉన్నాను. వంగకుండా ఏ వాల్వయినా మిగిలి ఉంటే దాని పనీ నేనే పట్టి ఉంటాను.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి ఇంజన్ విప్పి, పాత చైనునూ కొత్త చైనునూ ఒకే మేకుకు వేలాడదీశాడు. పాతది కాస్త కిందికి దిగింది. "లింకు లింకుకీ పిన్నులు అరిగాయి సార్. వెంట్రుకవాసి చొప్పున, అన్నీ కలిపి ఇంత" అన్నాడు. ఆయిల్ ఛాంబరు అడుగున నల్లటి ప్లాస్టిక్ ముక్కలున్నాయి, విరిగిన గైడువి. విరగని గైడు మీద చైను కోసిన గాట్లలో గోరు దిగింది. ఆయిలు పోసే మూత లోపలంతా గట్టిపడిన మడ్డి. కొనేముందు ఆ మూత తిప్పి చూడ్డం అరనిమిషం పని. బానెట్టు ఎత్తినప్పుడు నేను చూసింది దాని రంగు.

వేళకు ఆయిలు మార్చకపోవడమే దీనికంతటికీ మూలం అన్నాడు మేస్త్రి. డీజిల్ మసి ఆయిల్లో పేరుకుని పిన్నులను ఆకురాయిలా అరగదీస్తుంది. తక్కువ తిరిగిన బండి అని నేను మురిశాను గానీ, చాలా కార్లకు ఆయిలు గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. తిరగని బండికి ఏడాదే ముందొస్తుంది. సర్వీసు బిల్లులు అడగాలని నాకు తోచనే లేదు.

చప్పుడు మొదలైనప్పుడే చైను, టెన్షనర్, గైడ్లు సెట్టుగా మార్పిస్తే హెడ్డు దించే అవసరం వచ్చేది కాదట. బిల్లు బండి ధరలో మూడోవంతు దాటింది. బావమరిది చూసి, "ఏసీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది బావా" అన్నాడు.

పాత బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. స్కానర్ పెడితే క్యామ్, క్రాంక్ లెక్క కలవడం లేదని పీ0016 కోడు ఒక్కోసారి చూపిస్తుంది. కానీ దాన్ని చెరిపేసి అమ్మేవాళ్లూ ఉంటారు, చెవినే ఎక్కువ నమ్మండి. సెల్ఫ్ మెకానిక్కు చేత కొట్టించి, మీరు బానెట్టు దగ్గర నిలబడండి. ముందు దాని మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, రేపొస్తానని చెప్పి వచ్చేయండి.