స్పందన సారు

చేతికి పుస్తకం ఇస్తే స్పందన సారు ముందు దాన్ని అరచేతిలో ఆడించి బరువు చూస్తాడు. తర్వాత మొదట్లో ఒకచోట, నడుమ ఒకచోట, చివర ఒకచోట తెరుస్తాడు. ఆ మూడు పేజీలూ చదివి మూసేసి, "అయిపోయింది" అంటాడు. రాసినాయనకు ఏళ్లు పట్టి ఉంటుంది. ఈయనకు ఒక చాయ్ పడుతుంది.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. రామకృష్ణాపూర్ సీహెచ్‌పీలో, అంటే బొగ్గు పగలగొట్టి వ్యాగన్లకెక్కించే చోట, సర్వీసంతా శాంపిళ్లు తీసిన మనిషి. రేక్, అంటే వ్యాగన్ల వరస, మొత్తం తవ్వి చూడరు గదా! వ్యాగన్ పైపొర గీకేసి, లోపలి బొగ్గు కొంత తీస్తారు. దాన్ని దంచి, కుప్పపోసి, నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురు భాగాలు రెండు పారేసి, మిగిలిన రెండూ కలిపి మళ్లీ నాలుగు చేస్తారు. ఇలా పారేసుకుంటూ పోతే చివరికి ఒక డబ్బాలో పట్టేంత పొడి మిగులుతుంది. రేక్ జాతకమంతా ఆ డబ్బాలోనే ఉంటుంది. 2012 నుంచి మన దేశంలో బొగ్గుకు జీ-1 మొదలు జీ-17 దాకా గ్రేడ్లు వచ్చాయి. సారు రిటైరయ్యాడు గాని ఆయన గ్రేడ్లు రిటైరు కాలేదు. కవిత్వాన్ని జీ-13కి పైన ఎక్కనియ్యడు. "మండుతది గని బూడిద ఎక్కువ" అంటాడు. నవలల్లో రాయి కలుస్తోందని ఆయన ఫిర్యాదు. విమర్శ గ్రంథాలు అసలు వ్యాగన్ ఎక్కవు.

ఇలాంటి మనిషి మందమర్రిలో ఒకరు, బెల్లంపల్లిలో ఒకరు, గోదావరిఖనిలో నలుగురైదుగురు ఉంటారు. పుస్తకావిష్కరణకు అధ్యక్షుడు రాకపోయినా సభ జరుగుతుంది. వీళ్లు రాకపోతే జరగదు, ఎందుకంటే ముందువరుస కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

ఇక సారు స్పందన. అది ఇన్‌లాండ్ లెటర్ల కాలంలో మొదలై ఫోన్లలోకి మారింది గాని వాక్యం మారలేదు: "మీ పుస్తకం నన్ను నా బాల్యంలోకి తీసుకపోయింది." కథల పుస్తకానికీ అదే, వ్యాసాలకూ అదే. రక్షణ పక్షోత్సవాలప్పుడు పంచిన చిన్న పుస్తకం, పైకప్పు కూలకుండా దిమ్మెలు ఎట్లా పెట్టాలో చెప్పేది, అది కూడా ఆయన్ని బాల్యంలోకి తీసుకెళ్లింది. సూపర్‌బజార్ దగ్గర దొరికినవాళ్లందరికీ ఆ మాట చెప్పాడు.

కొన్నాళ్ల కింద మా ఊళ్లో ఒక చిన్న సభలో రెండు పుస్తకాల మీద ముచ్చట పెట్టారు. ఒకటి ఆదిలాబాద్ గిరిజన కళల మీద, ఒకటి పల్లె పిల్లల ఫోటోలది. రెండూ నున్నటి కాగితం, రంగుల అచ్చు. సారు మొదటిదాన్ని అరచేతిలోకి తీసుకొని, రెండో చెయ్యి కూడా సాయం పట్టి, "కిలోన్నర" అన్నాడు. రచయిత అది ప్రశంస అనుకొని నమస్కారం పెట్టాడు.

ఆ పుస్తకంలో గోండుల గుస్సాడీ ఆటగాళ్లు ఉన్నారు. ఒంటికి బూడిద, నెత్తిన నెమలి ఈకల టోపీ, దీపావళి రోజుల్లో ఊరూరా తిరిగే దండారీ. ఆ ఆటకు 2021లో పద్మశ్రీ తెచ్చిన మర్లవాయి కనక రాజు గురించి ఒక అధ్యాయం. ఓజాల ఇత్తడి పని గురించి ఇంకొకటి. మట్టి బొమ్మ మీద మైనం దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన సందుల్లోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అచ్చు పోయినట్టే, అందుకే ఒకదానిలాంటిది ఇంకొకటి ఉండదు. ఈ పనికి, అంటే ఆదిలాబాద్ డోక్రాకు, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రచయిత ఇదంతా చెప్పి, గొంతు కొంచెం వణికించి, "ఇది వెల కట్టలేని కళ" అన్నాడు.

సారు లేచాడు. "గా ఇత్తడి ఏనుగు ఎంతకు కొన్నరు?"

"సార్, వెల కట్టలేని..."

"గదే అడుగుతున్న. కట్టకుంటెనే గదా చేసినాయన గట్లున్నడు!"

సభ నవ్వింది. రచయిత కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. మూడు పేజీలే చదివే మనిషి ఒక్కోసారి నాలుగో పేజీ మీద కొడతాడు. కొట్టానని మాత్రం ఆయనకు తెలియదు, వెంటనే చెడగొట్టుకుంటాడు. "ఆ గుస్సాడీ ఆట మా బాపుతోని పోయి చూసిన, ఈ ఫోటోల గుంపుల నేనుండాలె" అంటూ పేజీ తిప్పి ముక్కు ఆనించి చూడటం మొదలుపెట్టాడు. ఫోటో కిందటి దీపావళిది.

ఆయన అసలు కోపం వేరే. పుస్తకంలో కేస్లాపూర్ నాగోబా ఉంది, మేడారం ఉంది, జోడేఘాట్ ఉంది. "మా గాంధారి ఖిల్లా ఏది?" అన్నాడు. బొక్కలగుట్ట దగ్గరి ఆ కోట మాకు కూతవేటు దూరం. ఏటా మాఘమాసంలో గాంధారి మైసమ్మ జాతరకు నాయకపోడు గిరిజనులు తరలివస్తారు. వాళ్ల వేలుపు లక్ష్మీదేవర గుర్రపు ముఖం చూస్తే చాలు, చిన్నపిల్లలు ఏడుపు మరిచిపోతారు. ఎంత లావు పుస్తకమైనా సారు వెతికేది ఈ ఒక్క పేరే. ఉంటే జీ-5. లేకపోతే పుస్తకం పని అంతే. ప్రపంచ ఆదిమ కళల మీద ఎవరో అచ్చేసిన పుస్తకాన్ని కూడా ఆయన ఇదే కారణంతో తిప్పి పంపాడు.

రెండో పుస్తకం దగ్గర కథ ముదిరింది. పిల్లల ఫోటోలు. ఫోటోగ్రాఫర్ ఇంకా కుర్రాడే, సారును "కాకా" అని పిలిచి సగం యుద్ధం ముందే ఓడిపోయాడు. టైరు దొర్లించుకుంటూ పోతున్న పిల్లవాడి బొమ్మ దగ్గర సారు ఆగాడు.

"గిది నేనే."

"కాకా, ఇది 2009లో ఒడిశాలో తీసిన."

"యాడ తీస్తేంది? నేనే."

తర్వాత ముక్కు కారుతున్నవాడూ ఆయనే అయ్యాడు. చెరువులో దూకుతున్నవాడూ ఆయనే. పలక పట్టుకొని గోడకు ఆనుకున్న ఆడపిల్ల దగ్గర మాత్రం కాస్త తటపటాయించి, "మా అక్క" అన్నాడు. కుర్రాడు మొహం పెట్టాడు గాని, పుస్తకం పని చేయడమంటే ఇదే కదా అని నాకనిపించింది. ఎవరి పిల్లవాడి ఫోటోలోనో ఒక ముసలాయన దూరిపోయి బయటికి రానంటున్నాడు. ముందుమాటలు రాసే పెద్దలెవరూ ఆ పని చెయ్యరు.

సంగతేమిటో ఆయన ఇంటికి పోయినప్పుడు తెలిసింది. సారు తన చిన్నప్పటి ముచ్చట్లు అందుకోగానే లోపలినుంచి వాళ్లావిడ అడ్డుపడింది: "ఏమయ్యా, నీకు చిన్నప్పటి ఫోటో యాడిది? మన పెండ్లిల తీసిందే మొదటిది. దాంట్ల గుడ కండ్లు మూసినవ్."

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నాయనమ్మ పిల్లల్ని కెమెరా కంటపడనిచ్చేది కాదట. ఆమె నమ్మకానికి తగ్గట్టే ఆయనకు ఆయుష్షు బాగానే ఉంది. గోడ మీద దండవేసిన బాపు ఫోటో మాత్రం ఉంది. గుర్తింపు కార్డులోంచి పెద్దది చేయించింది, ఎడమ చెవి మీద కంపెనీ గుండ్రటి ముద్ర సగం పడింది. బాపు బొగ్గుబాయిలో పనిచేస్తున్న ఫోటో ఒక్కటీ లేదు. ఎట్లా ఉంటుంది? మీథేన్ ఉండే చోటికి అగ్గిపెట్టె, బీడీ పోనివ్వరు, కెమెరా పోనిస్తారా? జీవితమంతా భూమి కింద పనిచేసినాయన భూమి మీద కాలర్ గుండీ పెట్టుకొని కూర్చున్న బొమ్మే మిగిలింది.

ఆ మాట వచ్చినప్పుడే సారు హైమన్‌డార్ఫ్ పేరు తీశాడు. వియన్నాలో పుట్టిన ఆ మానవశాస్త్రవేత్త, రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు జర్మనీ పాస్‌పోర్టుతో ఇక్కడ చిక్కుకొని, హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. సర్కారు మీద తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం సర్కారు ఆయన్ని గోండుల దగ్గరికి పంపింది. మర్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు, లెక్కలేనన్ని ఫోటోలు తీశాడు, 1948లో రాజగోండుల మీద పుస్తకం అచ్చేశాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మర్లవాయిలోనే ఉంది. ఫోటోలు లండన్‌లో సోయస్ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి.

"గోండోళ్ల తాతలు ఎగిరింది, దున్నింది అన్నీ లండన్ల ఉన్నయట," అన్నాడు సారు. "వాళ్లకు దొర దొరికిండు, కెమెరా తెచ్చిండు. మాకు దొరలు చానమంది దొరికిండ్రు గని, ఒక్కడన్న కెమెరా తెచ్చిండా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వెంటనే మళ్లీ తన దారిలోకి వచ్చి, ఆ లండన్ ఫోటోల్లో మర్లవాయి పిల్లల మధ్య తెల్ల బనీను పిల్లవాడు ఒకడుంటే వాడి పోలిక తనకు అచ్చం సరిపోతుందన్నాడు. లెక్క ప్రకారం ఆయన అప్పటికి పుట్టనే లేదు. వాళ్లావిడ ఆ లెక్క చెప్పబోతే, "నువ్వు చాయ్ పెట్టు" అన్నాడు.

కళల పుస్తకం రచయిత మంచి మనిషి. రెండో ముద్రణలో గాంధారి జాతర కోసం ఒక పేజీ పెట్టి, రంగుల ఫోటో వేసి, ఒక ప్రతి సారుకు పంపాడు. ఈసారి సారు శాంపిల్ తియ్యలేదు. ఆ ఒక్క పేజీని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చదివాడు. భూతద్దం తెప్పించుకున్నాడు. తర్వాత రచయితకు ఫోన్ కలిపాడు.

"పుస్తకం ముట్టింది. నన్ను నా బాల్యంలోకి తీసుకపోయింది. ఒక్కటే మాట. కింద 'మాఘమాసం జాతర' అని రాసినవ్. గుట్ట మీద గడ్డి సూడు, ఎంత పచ్చగున్నదో! మాఘంల మా గుట్ట మీద గడ్డి ఎండి గరగర అంటది. ఇది శ్రావణంల తీసిన ఫోటో. జనాన్ని యాడికెల్లి తెచ్చిపెట్టినవ్?"

అక్కణ్ణుంచి గడ్డి రకాల్లోకి, గడ్డి నుంచి గొర్రెల్లోకి, గొర్రెల నుంచి వాళ్ల మేనమామ మందలోకి పోయాడు. అవతల లైను ఎప్పుడో కట్టయిందని చాయ్ గ్లాసుతో వచ్చిన వాళ్లావిడ చెప్తే ఫోను చెవి దగ్గరినుంచి తీసి చూసుకొని, "పోనీ, సగం ఇన్నడు" అన్నాడు, మళ్లీ నంబరు నొక్కుతూ.