ముల్లు కింద అరవై అయిదేళ్లు

రికార్డుకు సొంత గొంతు ఉండదు. ఎవరి గొంతు ఎక్కిస్తే ఆ గొంతే పలుకుతుంది. అందుకే డెక్కా కంపెనీ వారి 30776 నంబరు రికార్డు, ఆత్మకథ చెప్పమని అడిగినా సరే, తనను తాను ‘ఈ రికార్డు’ అనే అంటుంది. అలవాటు అలాంటిది. ఏడంగుళాల వెడల్పు, నిమిషానికి 45 చుట్లు, నడుమ ఒకటిన్నర అంగుళాల చిల్లు. ఒక వైపు ‘రాకిన్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ’, రెండో వైపు ‘పాపా నోయెల్’. రెండో వైపు పాటను అడిగి పెట్టించుకున్నవాళ్లు తక్కువ. ఈ కథలో కూడా దానికి చోటు లేదు.

పుట్టింది అమెరికాలో, టెనెసీ రాష్ట్రం నాష్‌విల్ నగరంలో. 1958 అక్టోబరులో ఓవెన్ బ్రాడ్లీ స్టూడియోలో పాట రికార్డు చేశారు. హ్యాంక్ గార్లండ్ గిటారు, బూట్స్ రాండాల్ఫ్ శాక్సఫోను. పాడిన అమ్మాయి బ్రెండా లీకి అప్పటికి పదమూడేళ్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఆ ఇల్లు గడిచింది ఆమె పాట మీదే. రాసినవాడు జానీ మార్క్స్ యూదుడు. క్రిస్మస్ ఆయన పండగే కాదు. అయినా ఎర్ర ముక్కు దుప్పి రుడాల్ఫ్ పాటతో సహా అమెరికా డిసెంబరులో సగం ఆయన చేతి మీదుగానే నడిచిందంటే పెద్ద అతిశయోక్తి కాదు.

అదే ఏడాది ఆగస్టు 4న బిల్‌బోర్డ్ పత్రిక జనాదరణ ఉన్న పాటలకు వారం వారం స్థానాలిచ్చే ‘హాట్ 100’ అనే జాబితా మొదలుపెట్టింది. అంటే ఈ రికార్డూ, దాని తలరాత రాయబోయే జాబితా ఒక ఈడువే. కానీ 1958లో ఈ రికార్డు ముఖం చూసినవాళ్లు లేరు. 1959లోనూ అంతే. కొట్టు అరలో కూర్చుని రెండు పండగలు దాటేసింది. 1960లో బ్రెండా పాడిన ‘అయామ్ సారీ’ మొదటి స్థానానికి ఎక్కాక, ఈ పిల్ల ఇంకేం పాడిందో చూద్దామని జనం అరలు వెతికారు. ఆ డిసెంబరులో పాట 14వ స్థానం దాకా వెళ్లింది. ఈ రికార్డుకు కూడా అప్పుడే ఒక ఇల్లు దొరికింది.

అసలు కథ ఆ ఇంట్లోనే జరిగింది. అది ఏ జాబితాకీ ఎక్కలేదు.

సంక్రాంతికి అటక దిగే పెద్ద గుండిగలా ఈ రికార్డు ఏడాదికి ఒకసారి పెట్టె దిగేది. దిగాక మాత్రం ఊపిరి ఆడనిచ్చేవారు కాదు. చెట్టుకు దీపాలు కడుతున్నా ఇదే పాట, వంటింట్లో కేకు పొంగుతున్నా ఇదే పాట. ముల్లు చివరికి వచ్చిందో లేదో, ఎవరో ఒక పిల్ల లేచి వెళ్లి మళ్లీ మొదట్లో పెట్టేది. పాట నిడివి రెండు నిమిషాల పైచిలుకే కాబట్టి లేవడాలు ఎక్కువ. ఆ పిల్లకు పెళ్లయి, తన పిల్లల చేత కూడా అదే పని చేయించింది. ఇన్నేళ్లలో ఇన్ని వందల సార్లు మోగిన ఈ రికార్డు, లెక్కల పుస్తకంలో ఎన్ని? ఒక్కటి. 1960లో కొన్నప్పుడు పడిన ఒకే ఒక్క గీత. రేడియోలో వేస్తే లెక్క ఉంది, దుకాణంలో అమ్మితే లెక్క ఉంది. ఇంట్లో ముల్లు కింద పెడితే మాత్రం లెక్క లేదు.

అరుగుదల సంగతి వస్తే పెద్దల ముందు ఈ రికార్డు నోరెత్తదు. డెక్కా వంశంలోనే బింగ్ క్రాస్బీ ‘వైట్ క్రిస్మస్’ ఉంది. 1942 నాటి దాని మాతృక నుంచి ఎన్ని ప్రతులు తీశారంటే, చివరికి మాతృకే పాడయిపోయి, 1947లో క్రాస్బీ చేత పాట మళ్లీ పాడించాల్సి వచ్చింది.

పండగ పాటలను జాబితాలో ఎక్కడ కూర్చోబెట్టాలో బిల్‌బోర్డ్‌కు ఎప్పుడూ తికమకే. 1963లో వాటికి వేరే పంక్తి వేసింది. తర్వాతి కాలంలో పాత పాటలు తిరిగి హాట్ 100లోకి రావడానికే అడ్డు నిబంధనలు ఉండేవి. 1994లో మరియా కేరీ ‘ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ’ పాడితే, దాన్ని విడి సింగిల్‌గా అమ్మలేదన్న కారణంతో అప్పట్లో గుమ్మం దగ్గరే ఆపేశారు. అంతకు ముందే 1990లో వచ్చిన ‘హోమ్ అలోన్’ సినిమా ఈ రికార్డు పాటను కొత్త తరానికి పరిచయం చేసింది. జనం విన్నారు. జాబితాకు మాత్రం వినబడలేదు.

తలుపు తెరుచుకున్నది 2012 తర్వాత. ఇంటర్నెట్‌లో వినే పాటలను లెక్కలోకి తీసుకోవడం, పాత పండగ పాటలకు అడ్డు తొలగించడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. స్పాటిఫైలో 30 సెకన్లు మోగితే ఒక లెక్క. మళ్లీ మోగితే మళ్లీ లెక్క. ఆ పిల్ల లేచి వెళ్లి ముల్లు పెట్టిన ప్రతిసారీ పక్కన ఒక గుమాస్తా కూర్చుని గీత గీసినట్టే. అలా లెక్కపెడితే ఏం తేలుతుందో 2019లో తేలింది. మరియా కేరీ పాట పాతికేళ్లకు మొదటి స్థానం చేరింది. ఈ రికార్డు పాట రెండో స్థానం. 2022 దాకా ఏటా అదే వరస.

2023 నవంబరులో బ్రెండా లీ ఈ పాటకు మొదటిసారి వీడియో చేసింది. డిసెంబరు 9వ తేదీ జాబితాలో పాట మొదటి స్థానంలో నిలిచింది. విడుదలై అరవై అయిదేళ్లు. హాట్ 100 శిఖరానికి చేరడానికి ఏ పాటా అంతకాలం నడవలేదు. ఆమెకు అప్పుడు 78 ఏళ్లు. ఆ స్థానం అందుకున్న మహిళల్లో అందరికన్నా పెద్దది. పాడిన గొంతు మాత్రం పదమూడేళ్లదే. 

బ్రిటన్‌లోనూ ఇదే సంగతి. 1984లో రెండో స్థానంతో సరిపెట్టుకున్న వామ్ బృందం ‘లాస్ట్ క్రిస్మస్’ 2021 జనవరి మొదటి రోజున అగ్రస్థానం చేరింది. ఆ పాట పాడిన జార్జ్ మైకేల్ దాన్ని చూడలేదు. ఆయన 2016లో, సరిగ్గా క్రిస్మస్ రోజునే పోయాడు.

ఈ రికార్డుకు గర్వంతో పాటు కాస్త అనుమానం కూడా ఉంది. ముల్లు పెట్టాలంటే లేచి రావాలి, రెండు నిమిషాలకు ఒకసారి బుద్ధిపుట్టాలి. ఇప్పుడు గదిలో ఉన్న స్పీకరుతో ‘క్రిస్మస్ పాటలు వెయ్’ అంటే చాలు. ఎవరో కూర్చిన వరసలో నూరు పాటలు వాటంతట అవే దొర్లుతాయి. మనిషి వంటింట్లో ఉన్నా, నిద్రపోయినా గీత పడుతూనే ఉంటుంది. కోరి విన్నదీ, చెవిన పడ్డదీ ఒకే ఖాతాలోకి పోతాయి. వరసలో మొదట పెట్టిన పాటకు దక్కేది కొంత దాని గొప్ప, కొంత ఆ చోటి గొప్ప.

డిసెంబరులో కొత్త పాట విడుదల చేసేవాళ్లకు అందుకే ఒళ్లు మంట. ఏడాదంతా కష్టపడితే, తాతల నాటి పాటలు వచ్చి పై పది మెట్లూ కమ్మేస్తున్నాయని గోల. ఆ గోలలో న్యాయం లేకపోలేదు. అలాగని మళ్లీ వేరే పంక్తి వేసి వీటిని బయట కూర్చోబెట్టమంటే ఈ రికార్డు ఒప్పుకోదు. జనం ఆ వారం ఏం విన్నారో చెప్పడం జాబితా పని. విన్నది పాతదైతే ఆ మాటే చెప్పాలి. అయినా జనవరి సగానికల్లా ఈ పాటలన్నీ హాట్ 100 ఖాళీ చేసి వెళ్లిపోతాయి. కొత్తవాళ్లకు ఆ పైన పది నెలలు మిగిలే ఉంటాయి.