నూలులెక్క సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: సీహెచ్‌మాడ్ 640 నూలులెక్క

అవతారిక: రాజపాళయంలోని ఒక నూలు మిల్లు లెక్కల గదిలో, లైనక్స్ యంత్రం ముందు ఈ సూత్రం వెలువడింది. కర్త గుమాస్తాగారు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, నల్లతెర మీద ఈ మూడో భాష. నెలాఖరున ఎవరో షిఫ్టు సూపర్‌వైజరు లెక్క తెరిచి తన షెడ్డు ఉత్పత్తిని కాస్త పెంచి రాసుకున్నాడు. ఆ కోపమే ఇక్కడ స్థాయీభావం.

ప్రతిపదార్థం: నూలులెక్క = ఆ పేరుగల ఫైలునందు; 6 = సొంతదారునకు చదువుట (4), రాయుట (2) అను రెండును; 4 = గణమునకు, అనగా స్పిన్నింగు వారికి, చదువుట మాత్రమును; 0 = తక్కిన లోకమునకు శూన్యమును; (కలుగునట్లుగా) సీహెచ్‌మాడ్ = అనుమతులను మార్చుము. నడుపుట (1) అనే మూడో హక్కు ఫైళ్లలో ప్రోగ్రాములకే గాని జమాఖర్చుకు అక్కరలేదు గనుక కవి విడిచాడు.

తాత్పర్యం: గుమాస్తాగారు దిద్దుతారు. షెడ్డువాళ్లు చూసి ఊరుకుంటారు. మిగతావాళ్లకు చూడడానికి కూడా దొరకదు.

విశేషం: 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు. అలాంటి ఊళ్లో అంకె అనగానే మనసు నూలు కౌంటు మీదికి పోతుంది. 60 కౌంటంటే, ఒక్కొక్కటి 840 గజాల చిట్టాలు అరవై కలిస్తే ఒక పౌను. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇక్కడ అంతా తలకిందులు: అంకె పెరిగేకొద్దీ తలుపు బార్లా తెరుచుకుంటుంది.

శంక: గణం మొదటినుంచీ ఉన్నదేనా?
సమాధానం: లేదు. బెల్ ల్యాబ్స్‌లో థాంప్సన్, రిచీ మహాశయులు సృష్టించిన, లైనక్స్‌కు ఒరవడి అయిన యూనిక్స్‌కు 1971 నవంబరులో వచ్చిన తొలి మాన్యువల్‌లోనే ఈ ఆజ్ఞ ఉంది. అందులో ఉన్నది సొంతదారు, తక్కినవారు, ఇద్దరే. గణం తరువాతి కాలపు చేర్పు.

శంక: 640 పెట్టిన మర్నాడే లెక్క మళ్లీ మారింది. సూత్రం అబద్ధమా?
సమాధానం: ఇదే గ్రంథగ్రంథి. సూపర్‌వైజరు ఫైలును దిద్దలేదు. చదివే హక్కుంది గనుక నకలు తీసుకున్నాడు, అసలును చెరిపేశాడు, నకలు దిద్ది అదే పేరుతో అక్కడే పెట్టాడు. చెరపడానికి ఫైలు మీద రాసే హక్కు అక్కరలేదు. ఫైలున్న ఫోల్డరు మీద ఉంటే చాలు. పేర్ల పట్టీ ఫోల్డరుది గదా! మన గుమాస్తాగారు ఫైలుకు 640 బిగించి, ఫోల్డరును 770గా వదిలేశారు. 'ఎల్‌ఎస్ -ఎల్' కొట్టి చూస్తే అనుమతులన్నీ యథాతథం, మూడో నిలువు వరుసలో మాత్రం సొంతదారు పేరు సూపర్‌వైజరుది. దొంగ దొరికింది అక్కడే. చికిత్స: ఫోల్డరుకు 750. షెడ్డువాళ్లు కూడా అందులో ఫైళ్లు పెట్టాల్సి ఉంటే ముందు 1 తగిలించి 1770. అప్పుడు ఎవరి ఫైలును వారే చెరపగలరు, ఫోల్డరు యజమానీ రూట్ అనే సర్వాధికారీ మినహా.

శంక: 040 అంటే సొంతదారు గణంలో ఒకడుగానైనా చదవగలడా?
సమాధానం: చదవలేడు. సొంతదారని తేలగానే మొదటి అంకె చూసి తీర్పు చెప్పేస్తారు, రెండో అంకె దాకా పోరు. తన ఫైలు తనకే చేదు. అయినా అంకె మార్చే అధికారం అతనిదే గనుక మళ్లీ తెరుచుకోవచ్చు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 640కి బదులు 777 కనిపిస్తుంది. అర్థశుద్ధి లేదు, పని మాత్రం అవుతుంది. ఆ పాఠానికున్న ప్రాచుర్యమంతా అందుకే. 'ఎక్కడో అనుమతి లేదంటోంది' అని ఫోను వస్తే చాలు, ఒక లేఖకుడు దాన్ని '-ఆర్' అనే ఉపసర్గతో కలిపి హోం ఫోల్డరంతా పారించాడు. దూరపు సర్వర్లోకి చేర్చే ఎస్‌ఎస్‌హెచ్ రహస్య తాళంచెవి కూడా అందులోనే ఉంది. లోకమంతా చూడగల తాళంచెవిని నేను ముట్టనని ఎస్‌ఎస్‌హెచ్ భీష్మించుకు కూర్చుంది. దానికి 600 పెట్టేదాకా సర్వర్లోకి దారి లేకపోయింది. అప్పటినుంచి 777 పాఠాన్ని ఆ గదిలో పరిష్కర్తలెవరూ స్వీకరించడం లేదు, కొత్తగా చేరిన కుర్రవాడు తప్ప.