బెల్టు పద్యం: టీకా, తాత్పర్యం, కొంచెం తగువు

మూలం:

బెల్టు మీద సరకు పేరుకుపోయిన
చీల్చి పంచవలయు చేరు కొలది
పంచి కలిపి మరల పంచినవానికి
నాలుగింట సమము నడక గల్గు

అవతారిక: ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోదీ కాదు, ఈ టీక కోసమే కట్టింది. విషయం ఫ్యాక్టోరియో. ప్రాగ్‌లోని వూబే సాఫ్ట్‌వేర్ వారు 2020 ఆగస్టు 14న పూర్తి రూపంలో విడుదల చేసిన ఆట. అందులో ఆటగాడు పరగ్రహం మీద చిక్కుకుని, గనులు తవ్వి, కొలుములు పెట్టి, చివరికి రాకెట్ ఎగరేస్తాడు. మధ్యలో ఆయుష్షంతా బెల్టులకే పోతుంది. పగలంతా నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు చేసినవాడు రాత్రి ఇంటికొచ్చి మళ్లీ ఫ్యాక్టరీయే కడతాడా అంటే, కట్టేవాడు కడతాడు. మూలంలో లేనిది రాయనన్నాడు మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన టీకాకారుడు మల్లినాథసూరి. ఈ టీకాకారుడికి అంత నియమం లేదు.

ప్రతిపదార్థం: బెల్టు మీదన్ = రెండు లేన్ల కన్వేయర్ మీద (పసుపుదైతే సెకనుకు 15, ఎర్రదైతే 30, నీలందైతే 45 వస్తువులు మోస్తుంది); సరకు = ఇనుప ఖనిజం, రాగి పలకలు వగైరా; పేరుకుపోయినన్ = ఒకటి నిండి కదలక, పక్కది బోసిగా ఉంటే; చీల్చి = స్ప్లిట్టర్ పెట్టి; పంచవలయున్ = ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పంపాలి; చేరు కొలదిన్ = వచ్చింది వచ్చినట్టే; పంచి కలిపి మరల పంచినవానికిన్ = జంటలు మార్చి రెండోసారి కూడా స్ప్లిట్టర్లు పెట్టిన ఓపికమంతుడికి; నాలుగింటన్ = నాలుగు బెల్టుల్లోనూ; సమము నడక = సమానమైన పారుదల; కల్గున్ = కలుగుతుంది.

తాత్పర్యం: ఒకటి, రెండు బెల్టులను ఒక స్ప్లిట్టర్‌కు, మూడు, నాలుగు బెల్టులను మరోదానికి కలపాలి. తర్వాత ఈ జంటలోంచి ఒకటి, ఆ జంటలోంచి ఒకటి తీసి జతచేసి మరో రెండు స్ప్లిట్టర్లు పెట్టాలి. ఏ బెల్టు మీద వచ్చిన ఖనిజమైనా నాలుగు పాళ్లై నాలుగు దారులా పోతుంది.

విశేషం: కవి ఒక సంగతి దాచాడు. ఈ నాలుగు స్ప్లిట్టర్ల అమరికలో రెండు దారులు మూసుకుపోతే, మిగతా రెండు తెరిచే ఉన్నా, రెండు నిండు బెల్టుల సరకులో ఒక బెల్టు సరకే బయటపడే సందర్భం ఉంది. దానికి విరుగుడు ఇంకో రెండు స్ప్లిట్టర్లు, మొత్తం ఆరు. టెలిఫోన్ స్విచ్చుల కోసం 1960లలో బెల్ ల్యాబ్స్‌లో వాక్లావ్ బెనెష్ లెక్కగట్టిన అల్లిక ఇదే. పైగా స్ప్లిట్టర్ బెల్టులను సమం చేస్తుందే కానీ లేన్లను కాదు. బెల్టు మీద సరకు పెట్టే ఇన్సర్టర్ చెయ్యి దాన్ని అవతలి లేన్‌లోనే పెడుతుంది కనుక, ఎంత పంచినా రెండో లేన్ ఎండిపోయే ఉండొచ్చు. పద్యంలో ఆ ఊసే లేదు.

శంక: హబ్సిగూడ, రామంతాపూర్, నాగోల్, వరంగల్ దారులు కలిసే ఉప్పల్ రింగ్‌రోడ్డుకు ఈ పద్యం పనికిరాదా?

సమాధానం: రాదు. ఇనుప పలకకు ఎటు పోయినా ఒకటే. వరంగల్ బస్సు కోసం వచ్చినవాణ్ణి వంతు ప్రకారం నాగోల్ వైపు తోస్తే కొట్లాటే. అందుకే ఉప్పల్‌లో పంచలేదు, కొత్త బెల్టులు వేశారు: 2017 నవంబరు 29 నుంచి మెట్రో, 2023 జూన్ నుంచి నడిచేవాళ్లకు స్కైవాక్. 2018లో మొదలైన నారపల్లి పైవంతెన మాత్రం ఏళ్ల తరబడి స్తంభాల దగ్గరే ఆగింది.

టీకాకారుడి తీర్పు: ఆటలో రైలు పెట్టెలు నింపేచోట, దింపేచోట ఈ పద్యం అక్షరాలా పాటించదగ్గదే. మిగతాచోట్ల చాలావరకు ఆడంబరం. 0.16 రూపం నుంచి స్ప్లిట్టర్‌కే ఏ వైపు ముందు నిండాలో చెప్పొచ్చు. ప్రధాన వరుసకు అది చాలు. గనిలోంచి సెకనుకు 30 వస్తుంటే, ఎన్ని స్ప్లిట్టర్ల గుండా తిప్పినా 30యే. కాబట్టి పాఠకులారా, బెల్టు బోసిగా కనబడితే పద్యం పక్కన పెట్టి, ముందు గనిలో ఇంకో నాలుగు డ్రిల్లులు దించండి.