గ్రామసింహ విజయం: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

వచ్చు వాని జూచి వాకిట మొరుగును
వెడలిపోవ తనదె విజయమనును
కసరినంత మనము కలసితి మనుకొను
తెరను వేసి రొట్టె తినగ నిడుము

అవతారిక: గద్వాల కోటకు కూతవేటు దూరంలో ఒక మగ్గాల ఇల్లు. వెనక గుంట మగ్గాల మీద నేత, ముందు గదిలో అమ్మకం, వాకిట్లో జీతం లేని కొలువులో ఒక గ్రామసింహం. ఊరు చూస్తే విద్వద్గద్వాల. సంస్థానం రోజుల్లో పద్యం చేతబట్టుకుని వచ్చినవాడు ముందు దివాణం వాకిలి దాటాలి. ఇప్పుడు చీర కొనవచ్చినవాడికి ఆ వాకిలి విచారణంతా ఈ జీవి చేస్తోంది. పండితులకు వార్షికాలుండేవి, దీనికి నాలుగో పాదం దాకా రొట్టెముక్క కూడా లేదు.

మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని టీకాకారుడు మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ నియమం లేదు.

ప్రతిపదార్థం: వచ్చు వానిన్ = కొరియర్ పిల్లవాణ్ణి, నూలు షావుకారును, కరెంటు మీటరు చూసేవాణ్ణి, పెళ్లి చీరకని వనపర్తి నుంచి బస్సు దిగిన కుటుంబాన్ని; చూచి = కిటికీలోంచి అందరికన్నా ముందే కనిపెట్టి; వాకిటన్ = తన రాజ్యపు పొలిమేరలో; మొరుగును = అర్థం సుగమం. సుగమం కానిది లోపల పనిచేసేవాడి అవస్థ. నూలు చీరకు పట్టు అంచును పోగుపోగున పెనవేసే కుప్పడం పనిలో, నాడె అందుకునే క్షణాన భౌమంటే నేతగాడి ప్రాణం గుంటలోకి జారుతుంది.

వెడలిపోవ = తన పని ముగించుకుని పోగా; తనదె విజయము = వాణ్ణి తరిమింది నేనే; అనును = అని లోలోపల శాసనం చెక్కుకొనును.

వ్యాఖ్య: పద్యానికి ప్రాణం ఈ రెండో పాదం. కొరియర్ పిల్లవాడు వస్తాడు, పొట్లం ఇస్తాడు, సంతకం పెట్టించుకుంటాడు, పోతాడు. అయిజకు పోవాల్సిన పొట్లాలు ఇంకా ఉన్నాయి కనుక కుక్క మొరిగినా, మొరగకున్నా పోతాడు. కుక్క తర్కం వేరు: మొరిగాను, పోయాడు, కనుక మొరిగినందుకే పోయాడు. కాకి వాలగానే తాటిపండు రాలినట్టన్నమాట. వాడి పోకడే దానికి కూలి. రోజూ కూలి ముడుతున్న పనిని ఏ ప్రాణీ మానదు. అందుకే మొరుగుడు వయసుతో పాటు తగ్గకపోగా ముదురుతుంది. (బదిలీ ఉత్తర్వు హైదరాబాదులో తయారైతే, ఆ అధికారి నా దెబ్బకే పోయాడని చెప్పుకునే నాయకులు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడింట్లోనూ ఉన్నారు. ఈ పాదం వారికి వర్తించదు. పద్యం కుక్క గురించి.)

శంక: పద్యంలో కుక్క అన్న మాటే లేదు కదా?
సమాధానం: లేదు. ప్రకరణాన్ని బట్టి తెచ్చుకోవాలి. కొన్ని ఆఫీసుల గుమ్మాల దగ్గర తెచ్చుకోనక్కర కూడా లేదు.

శంక: మొరిగే కుక్క కరవదు కదా, భయమెందుకు?
సమాధానం: సామెత ప్రమాణం కాదు. పొలిమేర కోసం మొరిగేది, ఆ పొలిమేర దాటితే కరవగలదు. కరిస్తే పసుపూ కారమూ పూయకుండా, ధారగా పారే నీటితో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకు వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. ఇందులో హాస్యం లేదు.

కసరినంత = "ఏయ్, ఊకో! సప్పుడు జెయ్యకు!" అని యజమాని మగ్గం మీదినుంచి అరవగా; మనము కలసితిమి = ఇద్దరం కలిసి మొరుగుతున్నాము; అనుకొను = అని రెట్టించును. యజమాని అరుపులోని వ్యాకరణం దానికి తెలియదు, గొంతు స్థాయి తెలుస్తుంది. మరి కర్ర? దెబ్బ తిన్న కుక్క గుర్రుమని ముందుగా హెచ్చరించడం మానుకుని, నేరుగా పంటికే పని చెప్పవచ్చు. అప్పుడు వాకిలి నిశ్శబ్దంగానే ఉంటుంది, పిక్కలకే క్షేమం ఉండదు.

తెరను వేసి = వీధి కనపడకుండా కిటికీకి అడ్డం కట్టి. గద్వాల చీరే కట్టాలా? గోనెసంచి చాలు, కుక్క జరీ చూడదు. రొట్టె = పాలమూరు సీమ కనుక జొన్నరొట్టె. ఇడుము = ఇయ్యి. ఎప్పుడన్నదే రహస్యం. మొరిగి మొరిగి అలిసినప్పుడు ఇస్తే మొరిగినందుకు ఇచ్చినట్టవుతుంది. మనిషి అలికిడి కాగానే పిలిచి, వెనక గదిలో దాని పట్టా మీద కూర్చోబెట్టి, నోరు మూసి ఉన్న క్షణంలో తుంచిన ముక్క వేయాలి. వచ్చేవాడంటే రొట్టె అని దాని లెక్క మారేదాకా, ఇంటిల్లిపాదీ ఒకే తీరున చేయాలి. తాత దొంగచాటుగా పెట్టే ముక్క శాస్త్రాన్ని చెడగొడుతుంది.

అధికారి నిర్ణయం: ఈ పద్యానికి అధికారి (అంటే దీని ఉపదేశానికి తగినది) పెంపుడు కుక్క మాత్రమే. వీధికుక్కను పట్టుకుని, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతాయి, ఇది ఉత్సర్గం, అంటే సాధారణ నియమం. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, డిపోలు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలక ఆశ్రయాలకు తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది, ఇది అపవాదం, అంటే మినహాయింపు. అపవాదం ఉత్సర్గాన్ని బాధిస్తుందని శాస్త్రం. కాబట్టి గద్వాల బస్టాండులో ప్లాట్‌ఫారం తనదని మొరిగే కుక్కకు రొట్టె మార్గం చెప్పి లాభం లేదు.

పాఠాంతరాలు: వనపర్తి ప్రతిలో "రొట్టె"కు బదులు "బిస్కెటు" అని ఉంది. అక్కడ సూర్యగణం పడాలి కనుక ఛందస్సు ఒప్పదు. క్రీములోని చక్కెర, చాక్లెట్ కుక్కకు చేటు కనుక పశువైద్యుడూ ఒప్పడు. నాగర్‌కర్నూలు ప్రతిలో "తెరను వేసి"కి "తలుపు వేసి" అని కనిపిస్తుంది. గణం సరిపోయినా యతి చెడుతుంది. పైగా తలుపు వేస్తే బేరం పక్క దుకాణానికి పోతుంది. ఆ పోవడాన్ని కూడా కుక్క తన విజయాల్లోనే జమ కట్టుకుంటుంది.