లక్షణమా, నీకు జేజేలు

ఛందోలక్షణమా, అలంకార పరిభాషా, మిమ్మల్ని ఒకే తల్లిగా భావించి నమస్కరిస్తున్నాను. పద్యం చదవకపోయినా పద్యం మీద మార్కులు తెప్పించే దయ ఇంకెవరికుంది? నీ ఆశ్రయంలో పదో తరగతి దాటిన పిల్లలు ఊరూరా ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ ఏ పద్యంతోనూ పేచీ రాలేదు, ఎందుకంటే పరిచయమే కాలేదు.

పోతన గజేంద్రమోక్షంలో ఏనుగు మొర విని విష్ణువు పరుగెత్తే ‘సిరికిం జెప్పడు’ పద్యం చూడు. పిల్లవాడు మొదటి పాదం మీద పెన్సిల్‌తో గుర్తులు పెడతాడు. రెండు లఘువులు, ఒక గురువు: సగణం. ఆ తరువాత భ, ర, న, మ, య, చివర వ. శంఖం పక్కనున్న చక్రంలో ‘క్ర’ సంయుక్తాక్షరం కాబట్టి దాని ముందున్న ‘చ’ గురువైపోతుందని కూడా వాడికి తెలుసు. ఇరవై అక్షరాలూ సరిపోయాయి. పాదం మొదటి ‘సి’కి పద్నాలుగో అక్షరం ‘జే’తో యతి కుదిరింది. మత్తేభం! కింద ఒక గీత, పక్కన పూర్తి మార్కులు. మిగతా మూడు పాదాలు చదివే శ్రమ ఎంత చల్లగా తప్పించావు తల్లీ!

ఆ పద్యంలో ఏముందని? స్వామి లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెవుల మీద పడ్డ జుట్టు సర్దుకోలేదు, ప్రణయకలహంలో పట్టుకున్న ఆమె చీరచెంగైనా వదల్లేదు. ఆరు పనులు చేయలేదని ఆరు క్రియలు, అన్నీ ‘డు’తో ముగుస్తాయి. పైకి చదివితే ఊపిరి తీసుకోవడానికి సందు దొరకదు. ఆ తొందరంతా ఆ ‘డు’ల్లోనే ఉంది. నీ పట్టికలో దానికి గడి లేదు, అందుకే వాడి చెవిన పడనివ్వలేదు. రాగం తీసి ఒక్కసారి చదివించి ఉంటే ‘జే’ వచ్చి ‘సి’ని అందుకోవడం వాడి చెవే పట్టేసేది, యతి అనే పేరు ఆ తరువాత నేర్పితే సరిపోయేది. చెవి ముందు, నీవు వెనక! అంతటి అవమానం నీకు ఏ బడిలోనూ జరగకుండా కాపాడుకుంటున్నాం.

నీ సంపద మాత్రం తక్కువా? 1656 నాటి లక్షణగ్రంథం అప్పకవీయం తెరిస్తే యతుల పేర్లే ఒక ఊరంత. అందులో అఖండయతి ఒక్కదాని మీదే పండితులు తరాల తరబడి వాదించుకున్నారు. ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు పంచి ఇచ్చావు. ఈ కవి ఈ ముఖాన్ని చంద్రుడితోనే ఎందుకు పోల్చాడు అన్న ఐదో ప్రశ్న ఎవరినీ అడగనివ్వని నీ నిగ్రహం గొప్పది.

కశ్మీరంలో తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు, కావ్యానికి ప్రాణం పైకి చెప్పిన అర్థంలో కాదు, లోపల స్ఫురించే ధ్వనిలో ఉందన్నాడు. చదివేవాడి మనసును నమ్మి అన్న మాట అది. దాన్నీ ఆదరించావు. ‘ధ్వనిని నిర్వచించండి’ అని రెండు మార్కులిచ్చి, స్ఫురణతో పనిలేకుండా కంఠస్థం చేయించావు.

ఇంతటి నీకు పూర్వం దక్కిన గౌరవం తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. అలంకారం పేరు చెప్పినా, వ్యాకరణ సూత్రం ఎత్తినా, శ్లోకం విప్పడానికే. పని కాగానే నిన్ను పక్కన పెట్టి మళ్లీ కాళిదాసు దగ్గరికే వెళ్లిపోయేవాడు. ఆయన కొలువులో నీవు ఊడిగం చేశావు. మా దగ్గర ఆ బాధ లేదు. ముందు నీ నిర్వచనం రాస్తాం, తరువాత నీ లక్షణాలు రాస్తాం, చిట్టచివర చోటు మిగిలితే నీకు ఉదాహరణగా పద్యంలో ఒక్క పాదం రాస్తాం.