వలలుడికి వీసా ఓకే

ఢిల్లీ సాకేత్‌లో ఆఫీసు తెరిచి విదేశీ మేనేజరును తెచ్చుకోవాలంటే ఏడాదికి రూ.16.25 లక్షలకు మించి జీతం చూపాలి. లేకుంటే ఉద్యోగ వీసా రాదు. అదే వీధిలో విదేశీ రుచుల హోటల్ పెట్టి ఆ దేశపు వంటవాణ్ణి రప్పిస్తే ఈ షరతే లేదు! ఇంగ్లీషు కాని భాషలు నేర్పే పంతుళ్లకూ, దౌత్య కార్యాలయాల సిబ్బందికీ ఇదే సడలింపు. మన హోంశాఖ భోజనప్రియత్వం మెచ్చదగ్గదే.

అంటే విరాటుడి కొలువులో వలలుడికి వీసా సులువు. బృహన్నలకే చిక్కు. నేర్పేది నాట్యం, భాష కాదు. జీతం కాగితం తెమ్మంటారు. పైగా 180 రోజులు దాటే వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. అజ్ఞాతవాసం తొలి పక్షంలోనే భగ్నం!

అర్హులైన భారతీయులు బోలెడుమంది దొరికే పనికి, గుమాస్తా కొలువుకు ఈ వీసా ఇవ్వరు. ఈ మాటే అమెరికావాడు అంటే మనకు ఒళ్లు మండుతుంది. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమన్నప్పుడు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి డాలస్ దాకా గుండెలు బాదుకున్నాం. మన గుమ్మానికున్న గొళ్లెం సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక్క తేడా ఉంది. అక్కడ యజమాని సొమ్ము సర్కారు ఖజానాకు పోతుంది, ఇక్కడ పనివాడి జేబులోకి వెళ్తుంది. ఆ మేరకు మన రూలే నయం.